సోమక్క మంత్రాలు, మూడు ప్రతులలో

"అకారాదిగా లేకపోతే దాన్ని పట్టిక అనరు, చిత్తు కాగితాలంటారు," అని మా వారు మూడోసారి అన్నారు.

"రాకాసి మీదకొచ్చేస్తుంటే 'అ' దగ్గర్నించి వెతుక్కోమంటావా నాన్నా? 'ర' దగ్గరికొచ్చేసరికి సోమక్క చచ్చూరుకుంటుంది," అంది సంహిత.

"పోతే పోయింది. పద్ధతిగా పోతుంది."

భోజనాల బల్ల నిండా అట్టముక్కలు పరిచి ఉన్నాయి. గిన్నె దింపడానికి చోటు లేక నేను ముక్కల పులుసు చేత్తో పట్టుకునే నిలబడ్డాను.

సోమక్క పూర్తి పేరు తుమ్మెదల సోమక్క. వయసు మూడువందల పైమాటే. అడవిలో ఉండే మంత్రగత్తె. మా అమ్మాయి రెండేళ్లుగా ప్రతి ఆదివారం సోమక్క అయిపోతుంది. ఇదొక ఆట. నలుగురు ఆడపిల్లలు బల్ల చుట్టూ కూర్చుంటారు. మెహర్ అనే అమ్మాయి కథ చెబుతుంది. గుహ ఉంది, లోపల ఏదో కదిలింది, ఇప్పుడేం చేస్తారు అంటుంది. మిగతా ముగ్గురూ తమ పాత్రలు ఏం చేస్తాయో చెప్పి పాచికలు వేస్తారు. పాచిక పారితే బతుకుతారు, లేకపోతే మెహర్ వాళ్లని ఎంతో జాలిగా చంపుతుంది.

సోమక్కకు ఇరవైకి పైగా మంత్రాలు వచ్చు. ఒక్కో మంత్రం ఎంత దూరం పనిచేస్తుంది, ఎంతసేపు నిలుస్తుంది, ఏ దినుసు కావాలి అని లెక్కలున్నాయి. అవన్నీ దిండంత లావు పుస్తకంలో తలా ఒక చోట ఉంటాయి. యుద్ధం మధ్యలో సంహిత పేజీలు తిప్పుతుంటే మిగతావాళ్లు జంతికలన్నీ ఖాళీ చేస్తారు. అందుకని మంత్రానికో అట్టముక్క చొప్పున రాసి, చేతిలో పట్టుకునేలా చిన్న పట్టిక తయారు చేస్తోంది. తొందరెందుకంటే వచ్చే ఆదివారంతో ఆట ఆఖరు. మెహర్ వాళ్ల నాన్నకి ఆదోని బదిలీ అయింది. సోమవారం ఉదయం సామాను లారీ వస్తుంది. రెండేళ్లుగా తప్పించుకుంటున్న రాతిరాజు అనే రాకాసిని ఆ ఆదివారం పట్టుకోవాలి. లేకపోతే ఇక ఎప్పటికీ లేదు.

మా అత్తగారు ఒక అట్టముక్క తీసి కళ్లకి దగ్గరగా పెట్టుకుని చదివారు. "బీజాక్షరం లేని మంత్రమేవిటే? ఇదేదో ఆవపెట్టిన కూర వండే విధానంలా ఉంది."

"పోపులపెట్టె అకారాదిగా సర్దుకోం కదండీ," అన్నాను నేను, చేతులు నొప్పెట్టి. "నూనె కాగాక ఏది ముందు కావాలో అది చేతికందితే చాలు."

సంహిత ఆ మాట పట్టుకుంది. ప్రాణం మీదకొచ్చినప్పుడు కావలసిన మంత్రాలు పైన, తీరిగ్గా వాడేవి కింద అని తేల్చేసింది. మా వారు ఓడిపోయినట్టు ఒప్పుకోలేదు. తెల్ల కాగితాలు తెచ్చుకుని, అంచులు గీసుకుని, తన తృప్తి కోసం అకారాదిగా ఇంకో ప్రతి రాసుకున్నారు.

ఆ ప్రతితోనే కథ మొదలైంది.

మా వారు ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఇరవై ఏడేళ్లుగా ఉత్తరువుల చిత్తుప్రతులు రాస్తున్నారు. కాకినాడలో మేముండే రత్నమాల అపార్ట్‌మెంట్స్ సంఘానికి జాయింట్ సెక్రటరీ కూడా. కిందటి కార్తీకమాసంలో ఒకే రోజు, ఒకే కమ్యూనిటీ హాల్లో రెండు బ్లాకులవాళ్లు చెరో హోమం పెట్టుకున్నారు. రెండు మైకులు, ఒకే పొగ. సాయంత్రానికి ఎవరి పుణ్యం ఎవరికి పోయిందో తెలియక పెద్ద గొడవైంది. అప్పుడు సంఘం ఒక నిబంధన చేసింది. రాసింది మా వారే. "సముదాయ మందిరమునందు ఏ మంత్రమునైనను పఠింపదలచిన నివాసులు సదరు మంత్రము యొక్క పాఠమును, ఫలితమును, ప్రభావ పరిధిని మూడు ప్రతులలో ముందుగా సమర్పించి అనుమతి పొందవలెను." ఆ 'ప్రభావ పరిధి' అన్న మాట తట్టిన రోజు ఆయన రెండు కప్పుల కాఫీ తాగారు.

ఇన్నాళ్లూ పిల్లలు ఊరికే హాల్లో కూర్చుని ఆడుకునేవారు. వాళ్ల ఆటలో ఉన్నవి మంత్రాలని ఆ ప్రతి రాసేదాకా ఆయనకి తట్టలేదు. మా ఇంట్లో ఆడదామంటే ముందుగదిలో భోజనాల బల్లని ఆనుకునే అత్తగారి మంచం, ఆవిడ మోకాలి పట్టీలు, ఫిజియోథెరపీ సైకిలు, నలుగురు చుట్టూ కూర్చోలేరు. మిగతా రెండు గదుల్లో బల్లకి చోటు లేదు. మెహర్ వాళ్లింట్లో అట్టపెట్టెలు తప్ప ఏమీ లేవు. హాలే గతి.

"హాలు బుకింగు దరఖాస్తుకి మంత్రాలు జతపరచాలి," అన్నారు మా వారు.

"నాన్నా, అవి ఆటలో మంత్రాలు."

"మంత్రాలా, కావా?"

"మంత్రాలే గానీ..."

"నిబంధనలో 'గానీ' లేదమ్మా."

"మీరు రాసిందేగా, ఈ ఒక్కసారికి వదిలెయ్యకూడదూ?" అన్నాను.

"నేను రాశాను కాబట్టే వదలకూడదు. నా కూతురికోసం నేనే మీరితే రేపు ఇంకొకళ్లని ఏ మొహం పెట్టుకుని అడుగుతాను?" అని, అకారాది ప్రతిని మరో రెండుసార్లు రాసి, దరఖాస్తుకి అనుబంధంగా గుచ్చి, తన టపా పెట్టెలో తనే వేసి, తనే తీసి, అందినట్టు ముద్ర వేశారు.

మంగళవారం కార్యవర్గం కూర్చుంది. దరఖాస్తుదారు కాబట్టి సంహిత, తోడుగా నేను వెళ్లాం. బల్లకి అటుపక్క అధ్యక్షులు పేరి నరసింగరావు గారు ఉన్నారు. నీటిపారుదలలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆయనకి కుడిపక్క భద్రత చూసే జగ్గారావు గారు, ఎడమపక్క సంస్కృతి చూసే ఇందుమతి గారు, చివర మా వారు.

"దరఖాస్తుదారు తల్లిగారు కూర్చోవచ్చు," అన్నారు మా వారు నాతో. పొద్దున్న ఇడ్లీలోకి చట్నీ లేదని అలిగిన మనిషి.

అధ్యక్షులు కళ్లజోడు సర్దుకున్నారు. "ముందుగా, అగ్నిగోళము. ప్రభావ పరిధి పదమూడు బారలు. మన మందిరం పొడవెంత?"

"ఎనిమిది బారలుంటుందండీ," అన్నారు జగ్గారావు గారు.

"అనగా అయిదు బారల అగ్ని వెలుపల పడును. వెలుపల ఏమున్నది?"

"పార్కింగండీ."

"ఎవరి వాహనములు?"

"తమరిదేనండీ. ఆ తెల్లది."

అధ్యక్షులు ఆలోచించి, 'తిరస్కరించడమైనది' అని రాయించారు. మా వారు రాశారు.

"సార్, నిజంగా మంటేం రాదండీ," అంది సంహిత. "పాచికలేస్తాం, అంతే. మంట వచ్చిందనుకుంటాం."

"అలాగే అంటారమ్మా అందరూ. కిందటి దీపావళికీ అలాగే అన్నారు," అన్నారు జగ్గారావు గారు. "ఇదేవిటి, చీకటి తెర. దినుసు, గబ్బిలం రెక్క. వాడేశాక ఆ రెక్క తడిచెత్తలోకొస్తుందా, పొడిచెత్తలోకా?"

"రెక్క నిజంగా ఉండదండీ. ఉందనుకుంటాం."

"ఆయ్, మరి ఉందనుకున్న రెక్కని ఏ డబ్బాలో వేసేవనుకుంటారో కూడా రాయాలి కదా."

నిద్రమత్తు దగ్గర వాచ్‌మన్ గది ఎంత దూరమని వాకబు చేశారు. వాచ్‌మన్‌కి మంత్రం అవసరం లేదని ఇందుమతి గారు హామీ ఇచ్చాక ముందుకి కదిలారు. గోడలోంచి నడిచిపోయే మంత్రం గేటు రిజిస్టరుకి విరుద్ధమని కొట్టేశారు. ఇలా ఒక్కొక్కటీ పోతుంటే సంహిత మొహం చూడలేక నేను ఫ్యాను వైపు చూశాను.

అప్పుడు 'మ' వచ్చింది. మృతులతో సంభాషణ.

అధ్యక్షులు చదివి, కాగితం కింద పెట్టి, మళ్లీ తీసి చదివారు. "మృతులు అనగా ఎవరైనానా?"

"ఎవరైనా సార్. అయిదు ప్రశ్నలడగొచ్చు."

జగ్గారావు గారు కుర్చీ ముందుకి జరుపుకున్నారు. సంగతి ఏమిటంటే, మా అపార్ట్‌మెంటు కట్టిన బిల్డరు కొండలరావు గారు, మురుగునీటి గొట్టం భూమిలో ఏ దారిన వెళ్తుందో ఎవరికీ చెప్పకుండా పోయారు. గొట్టం పూడిపోయినప్పుడల్లా నరసింగరావు గారు తన అనుభవమంతా ఉపయోగించి ఒక చోట చూపిస్తారు, అక్కడ తవ్వుతారు, అక్కడ ఉండదు. ఇప్పటికి తులసికోట, ఉయ్యాల, షటిల్ కోర్టు పోయాయి.

"అయిదెందుకమ్మా, ఒక్కటి చాలు," అన్నారు అధ్యక్షులు, గొంతు మారిపోయి.

"సార్, అది ఆట..."

"ఆటయే. సంఘమునకు తెలియును. అయిననూ, అంశము విశాల ప్రయోజనముతో ముడిపడి ఉన్నందున, దరఖాస్తును ఉపసంఘ పరిశీలనకు నివేదించడమైనది. అంతవరకు మందిరము తాళము వేయబడి యుండును. మంత్రముల అసలు ప్రతులు సంఘ బీరువాలో భద్రపరచవలెను."

సంహిత చేతిలో ఉన్న అట్టముక్కల కట్టని జగ్గారావు గారు ఎంతో మర్యాదగా లాక్కున్నారు. మా వారు రసీదు రాసి కూతురికిచ్చారు.

ఆ పూట నుంచి సంహిత తండ్రిని 'నాన్నా' అనడం మానేసింది. "జాయింట్ సెక్రటరీ గారికి ఇంకో గరిటె పప్పు కావాలేమో కనుక్కోమ్మా," అనేది. ఆయన నావైపు చూసి, "ఒద్దని చెప్పు," అనేవారు. నేను మధ్యలో టపా పెట్టెనయ్యాను.

మర్నాడు పొద్దున్నే మూడో అంతస్తు వరాలమ్మ గారు గిన్నెడు పనసపొట్టు కూరతో వచ్చారు. ఆవిడ ఇల్లు దాటి కూర ఇవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

"అమ్మాయీ, ఆ నిద్రమత్తు ఏదో ఉందటగా. మా ఆయన గురకకి పనిచేస్తుందేవిటి?"

"అది మనిషిని నిద్రపుచ్చుతుందండీ, గురకని కాదు," అంది సంహిత.

"పోన్లే, అయితే నాకే వేసెయ్యి."

"ఆంటీ, సోమక్క అసలు లేదండీ. అది ఆట."

"ఆటని నాకు తెలీదేవిటే పిచ్చిపిల్లా! అయినా ముందు మా పేరు వరసలో రాసుకో. ఆ నాలుగో అంతస్తువాళ్లు ముందు రాయించేసుకుంటే మళ్లీ ఏడాది ఆగాలి."

మధ్యాహ్నానికి మా గుమ్మం ముందు చెప్పులు పేరుకున్నాయి. లిఫ్టు చెడినప్పుడు సామాను పైకి లేపడానికి గాలిలో తేల్చే మంత్రం ఒకరు అడిగారు. పై వాటాలో రోట్లో దంచేవాళ్ల మీదికి మౌనవలయం కావాలని ఒకరు వచ్చారు. గంట తర్వాత పై వాటావాళ్లూ అదే మంత్రం కావాలని వచ్చారు, కింది వాటావాళ్ల మీదికి. అందరూ అది ఆటేనని నవ్వుతూ ఒప్పుకునే వచ్చారు. తమ వంతు ముందుండాలన్న విషయంలో మాత్రం ఎవరూ నవ్వలేదు.

గురువారం సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. 'శ్రీమతి/కుమారి తుమ్మెదల సోమక్క గారికి' అని ఉంది. ఆవిడ సొంతదారా, అద్దెదారా, అతిథా తెలపాలి. వయసు మూడువందలు దాటినందున వృద్ధుల కోటాలో లిఫ్టు పక్కన కుర్చీకి అర్హురాలు. ఆవిడ మంత్రాలు సముదాయ ఆవరణలో వాడుకకు వస్తున్నవి గనుక జనరేటరు, నీటి మోటారు వలె ఉమ్మడి సౌకర్యాలుగా పరిగణించి, బ్లాకులవారీగా వంతులు కేటాయించడమైనది.

కింద సంతకం మా వారిది. దస్తూరీ ఎంతో అందంగా ఉంది.

"మూడొందలేళ్లంటే నాకంటే పెద్దముత్తయిదువే," అన్నారు అత్తగారు. "ఆవిడ ఉన్నచోట కాళ్లు చాపుకు కూచోకూడదు." ఆవిడ నవ్వుతున్నారో లేదో నేను తేల్చుకోలేకపోయాను.

సంహితకి మాత్రం నవ్వు రాలేదు. "నా వంతు ఎప్పుడో కూడా రాయలేదమ్మా ఇందులో," అంది. "సోమక్క నాది. రాతిరాజు రాతికోటలో ఉన్నాడు. మెహర్ రెండు నెలలు కూచుని ఆ కోట పటం గీసింది. లారీ ఎక్కాక ఆ పటం ఏం చేసుకుంటుంది?" ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది, ఏదో ఒకటి చెప్పేదాన్ని.

శుక్రవారం సాయంత్రం మళ్లీ కార్యవర్గం. ఈసారి మెహర్ కూడా వచ్చింది.

"సార్, సోమవారం మేం వెళ్లిపోతున్నాం. ఒక్క ఆదివారం ఇప్పించండి సార్. హాలు ఖాళీగానే ఉంటుందిగా," అంది.

"ఖాళీగా ఉండుట వేరు, కేటాయింపబడకుండా ఉండుట వేరమ్మా," అన్నారు అధ్యక్షులు దయగా. "వ్యక్తిగత వినోదము కన్న సామూహిక ప్రయోజనము మిన్న. ఉపసంఘము నివేదిక ఇచ్చిన పిదప తప్పక పరిశీలింపబడును."

"ఎప్పుడిస్తుందండీ?" అన్నాను నేను.

"ఉపసంఘము ఏర్పడిన పిదప."

పిల్లలిద్దరూ బయటికి వెళ్లిపోయారు. నేను లేవబోతుంటే జగ్గారావు గారు గొంతు సవరించుకున్నారు. "అధ్యక్షా, 'అ'లో అదృశ్యం అని ఒకటుందండీ, మొన్న చూడకుండా దాటేశాం. సోమక్క, ఆవిడ చెయ్యి పట్టుకున్నవాళ్లూ ఎవరికీ కనపడరట. ఇది ముందుగా కార్యవర్గం పరిధిలోకి తేవాలని నా మనవి."

"కారణము?"

"నేను పాల ప్యాకెట్టుకి దిగితే లిఫ్టు ఎప్పుడు బాగుచేయిస్తారంటారు. నీళ్లెందుకు రావటం లేదంటారు. నిన్న మా అల్లుడి ఎదుటే అడిగేశారండీ. మనం అదృశ్యంలో ఉన్నామని ఒక తీర్మానముంటే ఎవరూ అడక్కూడదు కదా."

"కానీ కనిపిస్తారుగా?" అన్నారు ఇందుమతి గారు.

"కనిపించినా చూడకూడదండీ. అది సభ్యుల బాధ్యత."

అధ్యక్షుల మొహంలో వెలుగొచ్చింది. షటిల్ కోర్టు తవ్వించినప్పటి నుంచి ఆయన సాయంత్రం నడకకి వెళ్లడం లేదు. అరగంట చర్చించారు. కనపడనివాళ్లు హాలు వాడుకుంటే దరఖాస్తు పెట్టాలా అని ఇందుమతి గారు సందేహం లేవనెత్తారు. పెట్టాలంటే కార్యవర్గం రహస్యంగా సమావేశం కావడానికీ కష్టమవుతుందని, అక్కర్లేదని తేల్చారు. కనపడని దరఖాస్తుదారు సంతకం ఎలా పోల్చుకుంటాం అని అధ్యక్షులు ఒక కారణం కూడా చూపించారు. చివరికి మా వారు తీర్మానం చదివి వినిపించారు.

"అదృశ్యత అమలులో ఉన్నట్లు జాయింట్ సెక్రటరీ ప్రకటించిన యెడల, సదరు సమయమునందు అదృశ్యులైన వారిని ఏ సభ్యుడును చూడరాదు, పలకరించరాదు, నిలదీయరాదు. అదృశ్యులకు మందిర అనుమతి నిబంధన వర్తింపదు. ఏకగ్రీవముగా ఆమోదించడమైనది."

ఆయన చదవడం ఆపి, కలం మూత పెట్టబోయి, ఆగారు. కాసేపు ఆ కాగితాన్నే చూశారు. బాగా కుదిరిందని మురిసిపోతున్నారనుకుని నాకు ఒళ్లు మండింది. ఒక్కదాన్నే మెట్లెక్కి ఇంటికొచ్చాను.

శనివారం పొద్దున్న ఆయన టిఫిను చేశాక తీర్మానం ఫైలు తీసుకుని అధ్యక్షుల ఇంటికి వెళ్లారు. సెలవురోజు కూడా సంఘమేనా అనుకున్నాను. సంహిత బల్ల దగ్గర కూర్చుని కొత్త అట్టముక్కలు కత్తిరిస్తోంది. ఎందుకో తనకీ తెలియదు. ఊరికే చేతులాడుతున్నాయి.

"ఆ పుస్తకం తియ్యవే, చూసి రాద్దువుగాని," అన్నాను.

"అక్కర్లేదమ్మా. నోటికొచ్చేశాయి."

నిజమే. వారం రోజులుగా ఇల్లంతా వాటి మీదే పోట్లాడుకుంటే రాక ఏమవుతాయి? "నిద్రమత్తు, ఎనిమిది బారలు," అని అది రాస్తుంటే అత్తగారు మంచం మీద నుంచి, "తొమ్మిదే పిల్లా. వాచ్‌మన్ గది దాకా కదూ," అన్నారు. దిండంత పుస్తకం రెండేళ్లలో చెయ్యలేని పని కార్యవర్గం నాలుగు రోజుల్లో చేసిపెట్టింది.

మధ్యాహ్నం భోజనాల వేళకి ఆయన తిరిగొచ్చి కాళ్లు కడుక్కుని కూర్చున్నారు. వంకాయ కొత్తిమీర కారం వడ్డించాను. సంహిత మెతుకులు అటూ ఇటూ తోస్తోంది. మెహర్‌కి ఫోను చేసి ఆట లేదని చెప్పాలి, చెయ్యలేకపోతోంది.

ఆయన రెండు ముద్దలు తిని, నీళ్లు తాగి, పళ్లెంలోకి చూస్తూనే, "కింద నోటీసు అంటించి వచ్చాను," అన్నారు.

"జాయింట్ సెక్రటరీ గారు మళ్లీ ఏం అంటించారో కనుక్కోమ్మా," అంది సంహిత.

ఆయన నావైపు చూడలేదు. కూతురికే చెప్పారు, మజ్జిగ అడిగినంత మెల్లగా.

"రేపు పొద్దున్న పది నుంచి దీపాలు పెట్టేవేళ దాకా కమ్యూనిటీ హాల్లో అదృశ్యత అమలులో ఉంటుంది. సోమక్క గారు, ఆవిడ చెయ్యి పట్టుకున్న ముగ్గురు. సభ్యులు చూడకుండా సహకరించగలరు అని రాశాను. తాళంచెవి నా దగ్గరుంది."

సంహిత చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది. నా చేతిలో గరిటె కూడా.

"మేం అరుస్తాం కదా... మెహర్ రాతిరాజు గొంతు పెడితే మూడో అంతస్తుకి వినపడుతుంది. అప్పుడో నాన్నా?"

"అందుకే పొద్దున్న వెళ్లాను. 'చూడరాదు' పక్కన 'వినరాదు' అని సవరణ పెట్టాను. లిఫ్టు గురించి ఎవరైనా వెనక నుంచి కేకేసి అడిగితే ఎలాగండీ అన్నాను. అధ్యక్షులవారు వెంటనే సంతకం చేశారు."

అత్తగారు మంచం మీద లేచి కూర్చుని, నెమ్మదిగా కాళ్లు కిందకి దింపారు. "ఒరేయ్, ఆ రాతిరాజు చావడం నేనూ చూడాలిరా. నాకూ చూడరాదేవిటి?"

ఆయన తీర్మానం మొత్తం మనసులో ఒకసారి చదువుకున్నట్టు కళ్లు మూసుకుని, తెరిచారు.

"ఫ్లాటు నా పేరునుందమ్మా. నువ్వు సభ్యురాలివి కాదు. నీకు వర్తించదు. పదికల్లా కుర్చీ వేయిస్తాను."